ఇంటిని ఇంటికి తోలుకొచ్చాం

ముప్ఫయి రెండేళ్ళు బస్సుల మధ్య బ్రతికినవాణ్ణి నేను. విజయవాడలో ఒక బస్సు డిపోలో మెకానిక్కుగా చేరి, సూపర్‌వైజరుగా పింఛను పుచ్చుకున్నాను. నా చేతుల మీదుగా ఎన్ని బళ్ళు వెళ్ళాయో లెక్కలేదు. కాని పడకగదీ, వంటిల్లూ, స్నానాలగదీ తనలోనే పెట్టుకుని రోడ్డు మీద పరుగెత్తే ఇంటిని రెండువేల మైళ్ళు తోలుకురావడానికి తోడు వెళ్ళవలసి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. 2023వ సంవత్సరం మార్చి నెలలో ఆ ముచ్చట కూడా తీరింది.

మా అబ్బాయి అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని లాన్సింగ్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ చలికాలం నేనూ, మా ఆవిడా వాడి దగ్గరే ఉన్నాం. ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర వాడు మెల్లిగా, "ఒక ఆర్వీ బేరం చేశాను, నాన్నా" అన్నాడు.

"అంటే ఏమిట్రా?"

ఫోనులో బొమ్మ చూపించాడు. ముందు భాగం వ్యానులా ఉంది. వెనకంతా తెల్లటి పెద్ద పెట్టె. దానికి కిటికీలు, కిటికీలకు తెరలు, ప్రక్కన ఒక తలుపు.

మా ఆవిడ తొంగిచూసి, "ఇంటిబండి అని చెప్పరాదూ!" అంది. ఆ పేరే ఖాయమైంది.

నాకు మాత్రం మింగుడు పడలేదు. "నిక్షేపంలాంటి ఇల్లుండగా ఇంటిబండి ఎందుకురా? ఏడాదిలో పది రోజులు తిరగడానికి యింత డబ్బు పోస్తారా ఎవరైనా?" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. జవాబు చెప్పలేదు. కాసేపాగి, "బండి అరిజోనాలో ఉంది. తోలుకురావాలి. మీరూ వస్తారా నాన్నా? బండి తెలిసిన మనిషి ప్రక్కనుంటే నాకు ధైర్యం" అన్నాడు.

ఈ చివరి మాటతో నేను పడిపోయాను. డెబ్బయి ఒక్క ఏళ్ళ వాణ్ణి ఇంకా బండి తెలిసిన మనిషని పిలిచేవారు దొరకాలి గదా!

వలస పక్షులు

ఎక్కడి మిషిగన్, ఎక్కడి అరిజోనా! అంత దూరంలో కొనడమెందుకని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. దానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది ఉప్పు. ఉత్తరాది రాష్ట్రాలలో చలికాలం రోడ్ల మీది మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు ఛాసిస్‌కు తగిలి, ఇనుమును తినేస్తుంది. అరిజోనా ఎడారి, అక్కడి బండి క్రింద దూరి చూస్తే తుప్పు తక్కువ.

రెండవది మనుషులకు సంబంధించినది. ఉత్తరాన చలికి తాళలేని వృద్ధులు వేలాదిమంది శీతకాలం రాగానే ఇంటిబళ్ళు తోలుకుని దక్షిణాదికి వెళ్ళిపోతారు. వసంతం రాగానే తిరిగి వస్తారు. వీరిని అక్కడ ముద్దుగా మంచుపక్షులంటారు. ఏదో ఒక ఏడు ఆ పక్షులలో కొందరికి తిరిగి ఎగిరే ఓపిక ఉండదు. బండి అమ్మకానికి వస్తుంది.

మేము విమానంలో ఫీనిక్స్‌లో దిగి, ప్రక్కనే ఉన్న మేసాకు చేరాం. మాకు బండి అమ్మిన దంపతులూ అటువంటి వారే. ఆయనకు ఎనభై నాలుగేళ్ళు. చూపు మందగించింది. డాక్టరు బండి తోలవద్దన్నాడు. వారు బస చేసిన చోట నారింజ చెట్లు పూసి ఉన్నాయి. గాలి అంతా ఆ పూల వాసన. లాన్సింగ్‌లో గుమ్మం ముందు మంచు చూసి బయలుదేరిన నాకు ఒక్క పూటలో ఋతువు మారిపోయినట్లనిపించింది.

ఆ పెద్దాయన బండి అంతా త్రిప్పి చూపించాడు. పది సిలిండర్ల పెట్రోలు ఇంజను, ఇరవై ఎనిమిది అడుగుల పొడవు, ముందు రెండు చక్రాలు, వెనక జంట చక్రాలు నాలుగు. లోపల గ్యాసు మీదా, కరెంటు మీదా కూడా నడిచే ఫ్రిజ్జు. తల మీద పరుపు, వెనక ఇంకొక పరుపు. నేలక్రింద మూడు ట్యాంకులు: ఒకటి మంచినీళ్ళకు, ఒకటి వాడిన నీళ్ళకు, మూడవది పాయిఖానాకు. సెప్టిక్ ట్యాంకును వెంట వేసుకుని ఊరేగడం నాకు బొత్తిగా రుచించలేదు గాని, పైకి అనలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఆయన చివర చెప్పాడు. మేసాలో వసంతం వచ్చిందిగదా అని పొరబడవద్దు. మీరు వెళ్ళే దారిలో రాత్రిళ్ళు నీళ్ళు గడ్డకట్టుతాయి. గొట్టాలలో నీరుంటే పగిలిపోతాయి అన్నాడు. ఆయనే దగ్గరుండి గొట్టాలలోని నీరంతా తీయించి, గులాబి రంగు ద్రవం ఒకటి పంపు ద్వారా ఎక్కించాడు. కుళాయి త్రిప్పితే గులాబి నీరు వచ్చేదాకా వదలలేదు. ఇది గడ్డకట్టినా గొట్టాన్ని పగలగొట్టదట. కారు ఇంజనులో పోసేది విషం. ఇది అది కాదు. ఇంటిబళ్ళకని ప్రత్యేకం తయారుచేస్తారు. అంచేత దారి పొడుగునా స్నానాలగది ఉండీ స్నానం లేదు, కుళాయి ఉండీ నీళ్ళు లేవు. తాగడానికీ, వంటకూ డబ్బాలలో నీళ్ళు మోసుకున్నాం.

బయలుదేరేటప్పుడు ఆయన భార్య ఒక సంచీ నిండా గ్రేప్‌ఫ్రూట్ పళ్ళు ఇచ్చింది. మన పంపరపనసకు దగ్గరి చుట్టం అది. ఆయన తాళాలతోబాటు ఒక నోటుపుస్తకం ఇచ్చాడు. పదకొండేళ్ళుగా ఆ బండి ఆగిన ప్రతి ఊరూ, తేదీ, మైళ్ళు, పోసిన పెట్రోలు, ప్రక్కనే ఒక్క ముక్క వ్యాఖ్యా అందులో ఉన్నాయి. మా డిపోలో లాగుషీటు ఇంత శుభ్రంగా వ్రాసిన వాణ్ణి నేను చూడలేదు. చివరి వ్రాత క్రింద సగం పుస్తకం ఖాళీగా ఉంది. "ఇంకా పేజీలున్నాయి" అని మాత్రం అన్నాడాయన. బండి కదులుతూంటే ఇద్దరూ అద్దంలో చాలాసేపు కనిపించారు.

ఖాళీ బ్రేకు

మార్చి 19, ఆదివారం. మా దారి ఇదీ: మేసా నుంచి ఉత్తరంగా ఫ్లాగ్‌స్టాఫ్, అక్కడ నుంచి 40వ నెంబరు రహదారి మీద తూర్పుగా న్యూమెక్సికో, టెక్సస్, ఓక్లహోమా, ఆ పైన ఈశాన్యంగా సెయింట్ లూయీ, ఇండియనాపోలిస్ మీదుగా లాన్సింగ్. వెరసి రెండువేల మైళ్ళకు పైన. మన లెక్కలో మూడువేల మూడువందల కిలోమీటర్లు.

నేను స్టీరింగు ముట్టుకోవడానికి లేదు. ఇన్సూరెన్సు కాగితంలో నా పేరు లేదు. మా వాడు తోలుతున్నాడు. నేను ప్రక్క సీటులో కూర్చున్నాను. బండి వాలు దిగినప్పుడల్లా నా కుడికాలు తనంతట తానే నేలను తొక్కుతోంది. అక్కడ బ్రేకు లేదని కాలుకు ఎవరు చెబుతారు!

మేసా దగ్గర చేతులు చాచి నిలబడ్డ మనుషుల్లాంటి పెద్ద జెముడు చెట్లు. రెండు గంటలు కొండ ఎక్కేసరికి అవి మాయమై దేవదారు చెట్లు వచ్చాయి. ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు ఏడువేల అడుగుల ఎత్తున ఉంది. ఆ ఏడు అక్కడ మంచు విపరీతంగా పడింది. రోడ్డు పొడిగానే ఉన్నా, ఇరుప్రక్కలా మంచు గోడల్లా పేరుకుని ఉంది. ప్రొద్దున్న నారింజపూలు, మధ్యాహ్నం మంచుగోడలు! మేము ముందుకు పోతున్నకొద్దీ కాలం వెనక్కి నడుస్తున్నట్లుంది.

పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు లెక్క కట్టాను. గ్యాలనుకు ఎనిమిదిన్నర మైళ్ళు. అంటే లీటరుకు మూడున్నర కిలోమీటర్లు. మా డిపోలో యాభైమందిని ఎక్కించుకున్న బస్సు లీటరుకు అయిదు కిలోమీటర్లు ఇవ్వకపోతే డ్రైవరును పిలిచి సంజాయిషీ అడిగేవాళ్ళం. ఇక్కడ ఇద్దరు మనుషులు, ఒక సంచీ పళ్ళు! ఈ మాట అన్నాను కూడా. మా వాడు రోడ్డు మీంచి చూపు త్రిప్పకుండా, "తెలుసు నాన్నా" అన్నాడు. ఆ తరువాత చాలాసేపు మాటలు లేవు.

నిజం చెప్పాలంటే మా ఇద్దరికీ మాటలు ఎప్పుడూ తక్కువే. ఫోనులో కూడా "బాగున్నావా, అమ్మకిస్తున్నాను" అనేదే నా సంభాషణ. ఇద్దరమే ఇన్ని గంటలు ప్రక్కప్రక్కన కూర్చోవడం వాడు పుట్టాక ఇదే మొదటిసారి కాబోలు.

టైర్ల తగవు

రాత్రి హోల్‌బ్రూక్‌లో ఆగాం. అమెరికాలో ఇంటిబళ్ళ కోసం ప్రత్యేకంగా విడిదులున్నాయి. ఒక్కొక్క బండికీ ఒక్కొక్క స్థలం, కరెంటు పెట్టె, నీటి కుళాయి, మురుగు పోవడానికి గొట్టం. కె.ఓ.ఏ. అనే సంస్థ 1962లో మోంటానా రాష్ట్రంలో ఇటువంటి విడిదితో మొదలై దేశమంతా వ్యాపించింది. కరెంటు తగిలించి హీటరు వేసుకుంటే లోపల వెచ్చగా ఉంది. బయట చెంబులో వదిలిన నీళ్ళు తెల్లవారేసరికి గాజుబిళ్ళ అయ్యాయి. గులాబి ద్రవం పోయించిన పెద్దాయనకు మనసులో దండం పెట్టుకున్నాను.

తెల్లవారి అలవాటు చొప్పున పెద్ద రెంచి పుచ్చుకుని చక్రాలు కొట్టి చూశాను. బళ్ళవాళ్ళకు ఇది తెలిసిన విద్యే. గాలి సరిగా ఉన్న టైరు ఖంగుమంటుంది. లేనిది మొద్దుగా పలుకుతుంది. జంట చక్రాలలో లోపలిది మెత్తబడినా పైకి కనిపించదు గనుక ఈ విద్య మరీ అవసరం. ఎడమప్రక్క లోపలి టైరు మొద్దుగా పలికింది.

వంగి టైరు అంచు మీది అంకెలు చదివాను. ప్రతి టైరు మీదా కంపెనీ పేరూ, గుర్తులూ అయిన తరువాత చివర నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. ఇక్కడ 1514 అని ఉంది. అంటే 2014లో పదిహేనవ వారంలో పుట్టిన టైరు. తొమ్మిదేళ్ళు! పైన గాడులు చూస్తే కొత్తదానిలాగే ఉంది. అదే మోసం. రోజూ తిరిగే బస్సు టైరు అరిగి పోతుంది. ఏడాదిలో పది నెలలు ఎండలో నిలబడే ఇంటిబండి టైరు అరగకుండానే ముసలిదవుతుంది. రబ్బరు ఎండి, లోపల పొరలు విడిపోతాయి. వేగం మీద ఉండగా విచ్చుకుంటుంది.

మా వాడితో చెప్పాను. "గాడులు బాగానే ఉన్నాయి నాన్నా. ఆయన కూడా బాగున్నాయనే చెప్పాడు. ఇంటికెళ్ళాక మార్పిద్దాం" అన్నాడు. పెద్దాయన అబద్ధమాడలేదు, ఆయనకూ గాడులే కనిపించి ఉంటాయి. నేను మళ్ళీ చెప్పాను. వాడు విసుక్కున్నాడు. మూడవసారి చెప్పేసరికి, "ఇది మీ డిపో కాదు నాన్నా!" అన్నాడు.

ఆ మాట చురుక్కుమంది. నిజమే, నా డిపో కాదు. నా బండీ కాదు. అయినా కొన్ని విషయాల్లో అభిమానపడితే ప్రాణం మీదికి వస్తుంది. "టైర్లు ఎవరికైనా చూపించేదాకా నేను ఎక్కను" అని అక్కడి బల్ల మీద కూర్చున్నాను. చలి ఎముకలు కొరుకుతోంది. పది నిమిషాలకు వాడు లోపల నుంచి నా శాలువా తెచ్చి ఇచ్చి, "సరే, పదండి" అన్నాడు.

ఆ ఊళ్ళోనే టైర్ల షాపు ఉంది. కుర్రవాడు జాకీ ఎత్తి బయటి చక్రం తీశాడు. లోపలి టైరు గోడ మీద నిమ్మకాయంత బుడిపె! అతను మాట్లాడకుండా మా అబ్బాయిని పిలిచి, వేలు పెట్టి చూపించాడు. మా వాడి ముఖం పాలిపోయింది. ఆరూ మార్పించాం. వెయ్యి డాలర్లు దాటింది.

నేను "చూశావా?" అనలేదు. అంటే బాగుండేది కాదని ఈ వయస్సుకైనా తెలిసింది. బండి ఎక్కాక వాడే, "పిల్లల్ని కూడా తీసుకొద్దామనుకున్నాను, స్కూలు ఉందని మానేశాను" అని ఊరుకున్నాడు.

పాఠకులలో ఎవరి పిల్లలైనా అమెరికాలో ఇటువంటి పాతబండి కొంటూంటే ఈ నాలుగంకెల సంగతి చెప్పండి. మన దేశంలో టైర్ల మీద కూడా ఇవే అంకెలుంటాయి.

ఆ సాయంత్రం ఆల్బుకర్కీ చేరాం. అరిజోనాలో గడియారాలు ఎండాకాలానికని మార్చరు, న్యూమెక్సికోలో మారుస్తారు. సరిహద్దు దాటగానే ఒక గంట ఊరికే పోయింది. ఆల్బుకర్కీలో మా వాడు ఒక మెక్సికన్ దుకాణం ముందు బండి ఆపి, "ఎల్లుండి ఉగాది నాన్నా" అన్నాడు. నాకు గుర్తులేదు!

లోపలికి వెళ్ళి ఆశ్చర్యపోయాను. చింతకాయలు గుల్లతో సహా బుట్టలో ఉన్నాయి. శంఖంలా పోతపోసిన బెల్లం ఉంది; దాన్ని పిలోన్సియో అంటారట. పచ్చిమామిడి ఉంది, పచ్చిమిరప సరేసరి. దేశం కాని దేశంలో మన వంటింటి చుట్టాలు ఎదురైనట్లయింది. వేపపువ్వు ఒక్కటే లేదు.

గాలి

మంగళవారం ఆల్బుకర్కీ దాటి తూర్పుగా పోతూంటే గాలి మొదలైంది. ఆ ప్రాంతాలలో వసంతం అంటే కోయిల కూత కాదు, గాలి హోరు. వందల మైళ్ళ మైదానం. అడ్డుకోవడానికి చెట్టు లేదు, గుట్ట లేదు. మా బండి పదకొండడుగులకు పైగా ఎత్తున్న పెట్టె. గాలి దాని ప్రక్కను చేత్తో తోసినట్లు తోస్తోంది. సాంటా రోసా దాటాక దుమ్ము కూడా లేచింది. పెద్ద లారీ మమ్మల్ని దాటినప్పుడు ముందు అవతలికి నెట్టి, ఆ వెంటనే తనవైపు లాగుతోంది. వాడి వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

నా కాలు ఖాళీ బ్రేకు తొక్కుతూనే ఉంది. కాని అరవలేదు. మెల్లిగా చెప్పాను: "స్టీరింగును బిగించకు. పట్టు వదలకు, బిగించకు. యాభైకి తగ్గించు. మనకు తొందరేం లేదు. లారీ అద్దంలో కనబడగానే ఊపిరి పీల్చుకుని సిద్ధంగా ఉండు."

"సరే నాన్నా."

"తరువాత ఏ ఊరు వస్తే ఆ ఊళ్ళో ఆగుదాం."

"సరే నాన్నా."

వాడు చిన్నప్పుడు కూడా నాతో వరుసగా రెండుసార్లు సరే అనలేదు.

టుకుంకారి అనే చిన్న ఊరు వచ్చింది. ఆగిపోయాం. ఈ దారి వెంటే పూర్వం 66వ నెంబరు రోడ్డు ఉండేది. 1926లో దానికా నెంబరు పెట్టారు. కొత్త రహదారులు వచ్చాక 1985లో తీసేశారు. ఆ పాత రోడ్డు మీది హోటళ్ళు, రంగు దీపాల బోర్డులు ఆ ఊళ్ళో ఇంకా ఉన్నాయి. 1930 దశకంలో ఈ మైదానాల్లో వానలు లేక, దున్నిన నేల దుమ్మై లేచిపోయినప్పుడు, ఓక్లహోమా, టెక్సస్ రైతులు పరుపులూ గిన్నెలూ పాత కార్ల నెత్తిన కట్టుకుని ఇదే రోడ్డు మీద పడమటికి వలసపోయారు. వారివీ ఇంటిబళ్ళే. కాని వారు ఇల్లు పోగొట్టుకుని వెళ్ళారు. మేము ఇల్లు కొనుక్కుని ఎదురు వస్తున్నాం. ఎనిమిదిన్నర మైళ్ళ మైలేజీ గురించి సణగడం ఆ రాత్రితో మానేశాను.

టుకుంకారిలో ఉగాది

మర్నాడు బుధవారం, మార్చి 22. శోభకృత్ నామ సంవత్సర ఉగాది. గాలి తగ్గలేదు. బండి ఉయ్యాలలా ఊగుతోంది. కదిలేది లేదని నిశ్చయించుకున్నాం. తలంటి లేదు, డబ్బా నీళ్ళు కాచుకుని ముఖం, కాళ్ళు కడుక్కున్నాం. మా వాడు చింతపండు పిసికాడు, బెల్లం దంచాడు, మామిడికాయ తరిగాడు. ఉప్పు, మిరప వేశాడు. "చేదు ఎలాగ?" అన్నాను. మేసా అవ్వగారిచ్చిన గ్రేప్‌ఫ్రూట్ తీసి, తొక్క క్రింది తెల్లటి పొర గీకి కలిపాడు. నోట్లో వేసుకుంటే అచ్చంగా వేపపువ్వు కాదుగాని చేదుకు లోటు లేదు. ఫోనులో మా ఆవిడకు చూపించాం. పంచాంగ శ్రవణం కూడా ఫోనులోనే అయింది.

చేసేదేమీ లేక ఇద్దరం బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. అప్పుడు అడిగాను, కోపంతో కాదు. "నిజం చెప్పరా, ఈ బండి ఎందుకు కొన్నావు?"

వాడు గిన్నెలో చెంచా త్రిప్పుతూ చాలాసేపు ఊరుకున్నాడు.

"1992లో కృష్ణా పుష్కరాలు గుర్తున్నాయా నాన్నా? లోకమంతా మన ఊరు వస్తోంది. పన్నెండు రోజులూ మీరు డిపోలోనే పడుకున్నారు. అమ్మ క్యారియరు ఇస్తే నేను అడ్డతొక్కుడు సైకిలు మీద తెచ్చేవాణ్ణి. షెడ్డులోకి వస్తే బస్సు క్రింద నుంచి మీ కాళ్ళు మాత్రం కనిపించేవి. క్యారియరు అక్కడ పెట్టమని లోపల నుంచి కేకవేసేవారు. అక్కడ పెట్టి, మీ కాళ్ళు కాసేపు చూసి వచ్చేసేవాణ్ణి. మనం ఎప్పుడైనా బస్సులో కలిసి వెళ్ళామా నాన్నా? పండగొస్తే స్పెషల్ బస్సులు, సెలవులొస్తే స్పెషల్ బస్సులు. మీ తప్పని కాదు. నాకు మాత్రం ఒకసారి మీతో చాలా దూరం వెళ్ళాలని ఉండేది. మీరు బండి క్రింద కాకుండా బండిలో ఉండాలి. అంతే. కారులో అయితే మీ నడుము పట్టేస్తుంది. దీంట్లో అయితే పడుకోవచ్చు."

ఏమి జవాబు చెప్పను? నా మనసులో ఆ పన్నెండు రోజులూ వేరే విధంగా ఉండిపోయాయి. ఒక్క బస్సు దారిలో ఆగిపోలేదనీ, ఏ యాత్రికుడూ నడిరోడ్డు మీద నిలబడలేదనీ గర్వంగా చెప్పుకునేవాణ్ణి. ఆ లెక్కలో, సైకిలు మీద వచ్చిన తొమ్మిదేళ్ళ పిల్లవాడు లేడు. క్యారియరు వచ్చేదని గుర్తుంది. ఎవరు తెచ్చేవారో గుర్తులేదు.

"పిలిస్తే బయటికి వచ్చేవాణ్ణి గదరా" అన్నాను చివరికి.

"మీరు పనిలో ఉంటే పిలవకూడదని అమ్మ చెప్పింది" అన్నాడు.

నేను లేచి రెంచి పుచ్చుకుని గాలిలోకి వెళ్ళాను, టైర్లు చూసే నెపం మీద. కొత్త టైర్లు, చూడవలసిందేమీ లేదు. అయినా ఆరూ కొట్టాను. ఆరూ ఖంగుమన్నాయి. నాలుగవది కొడుతూంటే వాడు కూడా వచ్చి ప్రక్కన నిలబడ్డాడు. "ఆ తేడా ఎలా తెలుస్తుందో నాకు చూపించండి నాన్నా" అన్నాడు. రెంచి వాడి చేతికిచ్చాను.

రైట్, రైట్!

తరువాతి దారి త్వరగా చెప్పేస్తాను; మాటలే ఎక్కువయ్యాయి గనుక దారి అంతగా చూడలేదు. గురువారం గాలి తగ్గింది. అమరిల్లో మీదుగా ఓక్లహోమా సిటీ. శుక్రవారం మిసోరీలో కుంభవృష్టి. రేకు కప్పు మీద ఆ వాన చప్పుడు వింటూ పడుకుంటే, మా అమ్మమ్మగారి ఊళ్ళో పెంకుటిల్లు జ్ఞాపకం వచ్చింది. శనివారం సెయింట్ లూయీలో మిసిసిపీ నది దాటాం. ఒడ్డున 630 అడుగుల ఉక్కు తోరణం, 1965లో పూర్తయిందట. ప్రతి పెట్రోలు బంకు ముందూ నేను దిగి గ్యాసు కట్టానా అని చూడటం, ప్రతి వంతెన ముందూ ఎత్తు ఎంత వ్రాశారో గట్టిగా చదవడం, ఇవి నా ఉద్యోగాలు. రాత్రిపూట మా వాడు నోటుపుస్తకంలో పాత పేజీలు పైకి చదివేవాడు. ఆ దంపతులు ఏ ఊళ్ళో చేపలు పట్టారో, ఎక్కడ పోట్లాడుకున్నారో మాకు కంఠతా వచ్చేసింది.

ఇండియానా దాటుతూంటే మళ్ళీ చెట్లు మోడులై కనిపించాయి. నారింజపూలతో బయలుదేరిన వాళ్ళం శీతకాలంలోకి తిరిగి వచ్చాం. ఏమైతేనేం! వసంతం మా వెనకే వస్తోంది, మేమే దానికన్నా ముందు చేరాం.

ఆదివారం సాయంత్రం లాన్సింగ్. ఇంటి ప్రక్క ఇరుకు దారిలోకి ఇరవై ఎనిమిదడుగుల బండిని వెనక్కి పెట్టాలి. వెనక ఏముందో చూపించడానికి బండికి కెమెరా ఉంది. మా వాడు దాని వంక చూడలేదు. అద్దం దించి, "మీరు చెప్పండి నాన్నా" అన్నాడు.

నేను వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. బండి ప్రక్కను అరచేత్తో రెండుసార్లు చరిచి, "రైట్... రైట్... రైట్..." అన్నాను. ఎన్నేళ్ళకు! నా కేకకు ప్రక్కింటి దొరసాని కిటికీ తెర తొలగించి చూసింది. గోడకు జానెడు ఉందనగా, "హోల్డాన్!" అని అరిచాను. బండి చటుక్కున ఆగింది.

అప్పటికే మా ఆవిడ ఎర్రనీళ్ళ పళ్ళెంతో గుమ్మంలో తయారు. చక్రాల క్రింద నిమ్మకాయలు పెట్టించింది. మనవరాలు కొబ్బరికాయ కొట్టనిచ్చిందాకా ఊరుకోలేదు. మా ఆవిడ నా ముఖం చూసి, "ఏమిటి, ప్రయాణం బాగా జరిగినట్టుందే!" అంది. "టైర్లు మార్పించాం" అన్నాను.

రాత్రి అందరూ పడుకున్నాక బండిలోకి వెళ్ళి నోటుపుస్తకం తీశాను. పదకొండేళ్ళ ఇంగ్లీషు వ్రాత క్రింద నాకు వచ్చిన అక్షరాలలోనే వ్రాశాను:

"మార్చి 26. లాన్సింగ్. 2,061 మైళ్ళు. పెట్రోలు 243 గ్యాలన్లు. టైర్లు ఆరు, కొత్తవి. బండిలో ఇద్దరం."